క్రోషే మొదలుపెడుతున్నారా? ఏ దారం, ఏ సూది, ఏ కుట్టు ముందు

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా మ్యాచింగ్ సెంటర్‌కో కంగన్ హాల్‌కో పోయి "క్రోషే సూది, దారం ఇవ్వండి" అని అడిగితే, సాధారణంగా చేతికి వచ్చేవి సన్నటి ఉక్కు సూది, సిల్క్ దారం రీలు. మన దిక్కు క్రోషే అంటే చాలామందికి చీర కొంగుకు వేలాడే కుచ్చులే మరి. అడిగేవాళ్ళలో ఎక్కువమందికి కావలసిందీ అదే. కానీ ఓనమాలు ఆ సామానుతో మొదలుపెడితే వారం తిరగకముందే సూది డబ్బాలోకి పోతుంది. "నా చేయికి రాదు" అనుకుని వదిలేసిన చాలామందికి చేయి బాగానే ఉంది, కుట్టే కంటికి కనబడలేదు.

క్రోషేలో జరిగే పని ఒక్కటే: ఉన్న లూపులోంచి కొత్త లూపు లాగడం. ఎక్కడ గుచ్చాలో స్పష్టంగా కనబడితే పది రోజుల్లో వేళ్ళు అలవాటు పడతాయి. అందుకే మొదటి నెల సామాను ఎంచుకునేటప్పుడు చివరికి ఏం అల్లాలనుకుంటున్నారో పక్కన పెట్టండి. కుట్టు దేంట్లో బాగా కనబడుతుందో అదే తీసుకోండి. కుచ్చులు, దస్తీ అంచులు, దర్వాజ తోరణాలు అన్నీ ఆ తర్వాత వస్తాయి.

దారం: అసలు తేడా ఇక్కడే

ముందుగా సిల్క్ దారం సంగతి. కుచ్చులకు వాడే దారం ఒంటిపోగు వెంట్రుకలా ఉంటుంది కాబట్టి చాలా పోగులు కలిపి ఒకే దారంలా పట్టుకుని అల్లుతారు. చేయి కుదరనివాళ్ళకు అందులో రెండు మూడు పోగులు కొక్కేనికి అందవు. అవి కుట్టు పక్కన చిన్న ఉంగరాల్లా వేలాడతాయి. దారం జారుతుంది, ముడి నిలవదు, నాలుగుసార్లు విప్పేసరికి పోగులు నూగులేచి పనికిరాకుండా పోతాయి. నేర్చుకోవడమంటే సగం విప్పడమే. విప్పితే పాడయ్యే దారం నేర్చుకునేవాళ్ళకు వద్దు.

లేసు దారం దీనికంటే నయం. గట్టిగా పేనిన, మెరుపున్న నూలు ఇది, పోగులు విడిపోవు. రీలు మీద 10, 20, 40 అని నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10వ నంబరుకు 1.5 నుంచి 1.75 మి.మీ. సూది సరిపోతుంది. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన నర్సాపురం లేసు ఇలాంటి సన్న నూలు పనే. ఆ లేసు చూసి ముచ్చటపడి ఇదే దారం కొనుక్కునేవాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి. 10వ నంబరు దారంతో 10 సెం.మీ. చదరపు ముక్క అల్లాలంటే సింగిల్ కుట్లు (పొట్టి రకం కుట్టు, వివరం కింద ఉంది) వెయ్యికి పైనే పడతాయి. 4 మి.మీ. సూదికి సరిపడే దారంతో అదే ముక్క సుమారు మూడు వందల కుట్లలో అయిపోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో మూడు వందల్లో వెతకడం తేలిక.

ఇంట్లో మగ్గం ఉన్నవాళ్ళు, పుట్టపాక, గట్టుప్పల్, చండూరు, నారాయణపేట, గద్వాల వైపువాళ్ళు అడిగే ప్రశ్న ఇంకొకటి: ఉన్న నూలుతోనే అల్లకూడదా? అల్లొచ్చు, కానీ కౌంటు చూడాలి. నూలులో కూడా కౌంటు ఎంత పెద్దదైతే దారం అంత సన్నం. 4 మి.మీ. సూదికి తగిన మందం రావాలంటే 10 కౌంటు నూలు ఏడెనిమిది పోగులు చాలు. 80 కౌంటు ఒంటిపోగైతే దాదాపు అరవై పోగులు కలపాలి. ఉత్తగా కలిపితే కూడా సరిపోదు, పురి ఎక్కించాలి. పురి లేని పోగుల కట్ట సూది ముక్కు తగిలిన ప్రతిసారీ చీలిపోతుంది. దుప్పట్లకూ తువ్వాళ్ళకూ వాడే ముతక నూలు మిగిలి, కదురు తిప్పడం వచ్చినవాళ్ళు ఉంటే ప్రయత్నించండి. గంజి పట్టించిన పడుగు నూలు మాత్రం వద్దు, వేళ్ళకు గరుకుగా తగులుతుంది, లూపు సాఫీగా మూసుకోదు.

ఇక నిజంగా పోటీపడేవి రెండే, యాక్రిలిక్, మందపాటి నూలు.

దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం యాక్రిలిక్. చవక, తేలిక, రంగులు బోలెడు. కొంచెం సాగుతుంది కాబట్టి ఒక కుట్టు బిగుతుగా, ఒకటి వదులుగా పడినా ముక్క మొత్తం మీద అంతగా తెలియదు. పదిసార్లు విప్పి అల్లినా తట్టుకుంటుంది. మధ్యరకం మందంలో 100 గ్రాముల ఉండకు 250 నుంచి 300 మీటర్ల దారం వస్తుంది. దీని లోపం మన ఎండాకాలంలో బయటపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అరచేతికి చెమట పట్టి దారం వేలికి అంటుకుంటుంది, సూది మీద కిర్రుమంటూ కదలదు. బిగుతు పెరుగుతుంది, మణికట్టు నొప్పి పుడుతుంది. ఇంకో సంగతి ఎప్పటికీ మరవొద్దు: యాక్రిలిక్ వేడికి కరుగుతుంది. ఇస్త్రీపెట్టె తగిలితే చదునుగా అతుక్కుపోయి మళ్ళీ మామూలు కాదు. దానితో మసిగుడ్డ అల్లి పొయ్యి మీది గిన్నె దించబోతే చేయి కాలుతుంది.

మందపాటి నూలు దారంలో కుట్టు చెక్కినట్టు కనబడుతుంది. చెమటను పీల్చుకుంటుంది, వేడికి కరగదు. మసిగుడ్డ, గిన్నె కింద కుదురు, పసిపిల్లల బట్టలు, వీటన్నిటికీ ఇదే సరైనది. అయితే సాగదు. అందుకే బిగుతుగా అల్లేవాళ్ళ వేళ్ళు తొందరగా అలిసిపోతాయి. బరువు కూడా ఎక్కువ, 100 గ్రాములకు 200 నుంచి 230 మీటర్లే వస్తుంది. ముదురు ఎరుపు, నీలం నూలు కొంటే ముందుగా ఒక మూర దారం తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి. మరక పడితే లేత రంగుతో కలిపి అల్లొద్దు, మొదటి ఉతుకులోనే పని పాడవుతుంది.

మా సలహా సూటిగా: దసరా నుంచి శివరాత్రి మధ్య మొదలుపెట్టేవాళ్ళు యాక్రిలిక్ తీసుకోండి, ఎండలు ముదిరాక మొదలుపెట్టేవాళ్ళు నూలు తీసుకోండి. రెండింటిలోనూ లేత రంగు, నునుపు, లేబుల్ మీద సూది బొమ్మ పక్కన 4 అని ఉన్నది చూడండి. నలుపు, ముదురు నీలం ట్యూబ్‌లైట్ కింద అస్సలు కనబడవు. తెలుపు వారానికే మాసిపోతుంది. గంధం రంగు, లేత పసుపు, ఆకాశ నీలం బాగుంటాయి. 100 గ్రాములు చాలు. పెద్ద వస్తువు కోసం ఒకే రంగు నాలుగైదు ఉండలు కొనేటప్పుడు లేబుల్ మీది లాట్ నంబరు అన్నిటికీ ఒకటే ఉండాలి. లేకపోతే దుకాణంలో తెలియని రంగు తేడా అల్లాక అడ్డగీతలా కొడుతుంది.

మిల్క్ కాటన్ పేరుతో వచ్చేది మెత్తగా, అందంగా ఉంటుంది. చాలావాటిలో యాక్రిలిక్ కలిసే ఉంటుంది, లేబుల్ చదవండి. పురి వదులు కాబట్టి సూది ముక్కు దారం మధ్యలోకి దూరిపోతుంది, రెండో నెలకు ఉంచుకోండి. వెల్వెట్ దారం వీడియోల్లో బొమ్మలకు ముచ్చటగా ఉంటుంది కానీ దాంట్లో కుట్టు కంటికి కనబడదు, వేలితో తడిమి తెలుసుకోవాలి. విప్పితే నూగు ఊడిపోతుంది. కొత్తవాళ్ళకు వద్దే వద్దు. పాత చీర ఒకటిన్నర సెంటీమీటరు పట్టీలుగా చింపి అల్లితే కాళ్ళపట్టా అవుతుంది, ఖర్చు లేదు. అయితే 8 నుంచి 10 మి.మీ. సూది కావాలి, చేతికి బరువు.

సూది: సెట్టు కంటే రెండు మేలు

12 సూదుల అల్యూమినియం సెట్టు ఆన్‌లైన్‌లో చవకగా వస్తుంది, అందుకే అందరి చూపూ దానివైపే పోతుంది. అందులో మొదటి మూడు నెలల్లో వాడేవి రెండే. ఆ డబ్బుతో మెత్తటి రబ్బరు పిడి ఉన్న 4 మి.మీ. సూది ఒకటి, 5 మి.మీ. ఒకటి కొనండి. 4 మి.మీ. మామూలు పనికి. 5 మి.మీ. ఎందుకంటే కొత్తవాళ్ళందరూ మొదటి గొలుసు (లూపులోంచి లూపు లాగుతూ వేసే పునాది వరస) బిగించి అల్లుతారు. గొలుసు ఒక్కటి పెద్ద సూదితో వేసి, తర్వాతి వరస నుంచి చిన్నదానికి మారితే ముక్క అడుగు విల్లులా వంగదు.

కొనేటప్పుడు సూది ముక్కు వేలితో రాసి చూడండి. ప్లాస్టిక్ సూదుల్లో అచ్చు అతుకు గీత మిగిలిపోయి దారాన్ని పట్టి లాగుతుంది, అలాంటిది తీసుకోవద్దు. వెదురు సూది తేలిక, దారాన్ని జారనివ్వదు. వదులుగా అల్లేవాళ్ళకు అది మంచిది, బిగుతు చేయివాళ్ళకు, చెమట చేతివాళ్ళకు అల్యూమినియమే నయం. సైజు ఎప్పుడూ మి.మీ.లోనే అడగండి. సన్న ఉక్కు సూదుల మీద ఉండే వట్టి నంబర్లలో లెక్క తలకిందులు, నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 'నాలుగో నంబరు' అని అడిగితే 4 మి.మీ. వస్తుందన్న నమ్మకం లేదు.

సూదికి ముక్కు, దాని కింద సన్నటి మెడ, ఆ కింద ఒకే లావున్న కాండం, తర్వాత పిడి ఉంటాయి. బిగుతు కుట్టుకు అసలు కారణం మెడ దగ్గరే ఉంది. లూపును మెడ మీదే ఆపి అల్లితే అది మెడంత సన్నగా తయారవుతుంది, మళ్ళీ అందులోకి లావు ముక్కు దూరదు. ప్రతి లూపునూ కాండం మీదికి జరపండి. లూపు సూది మీద అటూ ఇటూ సులువుగా జరగాలి. సూదిని పెన్సిల్‌లా పట్టుకున్నా, కూరగాయలు కోసే కత్తిలా పట్టుకున్నా ఫలితం ఒకటే. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకు కత్తి పట్టు హాయిగా ఉంటుంది.

ఇవి కాక కావలసినవి ఒక కత్తెర, దారం కొసలు దాచడానికి పెద్ద కన్నున్న మొద్దు సూది, నాలుగు పిన్నీసులు. కుట్టు గుర్తుకు పెట్టే ప్లాస్టిక్ మార్కర్ల పని పిన్నీసే చేస్తుంది.

సింగిల్ ముందా, డబుల్ ముందా

పేర్లలో ఒక చిక్కు ఉంది. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ పద్ధతిలో డబుల్ అంటారు, అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్ అవుతుంది. యూట్యూబ్‌లో ఎక్కువగా వినబడేది అమెరికా పేర్లే, ఇక్కడ వాడుతున్నవీ అవే. ఏదైనా నమూనాలో సింగిల్ అన్న మాట ఎక్కడా లేకుండా డబుల్, ట్రెబుల్ మాత్రమే ఉంటే అది బ్రిటన్ లెక్క అయ్యే అవకాశం ఎక్కువ.

సింగిల్ కుట్టు పొట్టిది, గుడ్డ గట్టిగా వస్తుంది, అడుగులు తక్కువ: గుచ్చు, దారం లాగు, మళ్ళీ దారం పట్టి రెండు లూపుల్లోంచి లాగు. డబుల్‌కు ముందే సూదికి ఒకసారి దారం చుట్టాలి, తర్వాత రెండేసి లూపుల చొప్పున రెండుసార్లు లాగాలి. పొడుగ్గా ఉంటుంది కాబట్టి కుట్లు లెక్కపెట్టడం తేలిక, పని తొందరగా ఎదుగుతుంది. త్వరగా ఏదో కనబడాలనుకునేవాళ్ళు డబుల్‌తో మొదలుపెడతారు. మేమైతే సింగిలే ముందు అంటాం. వరస చివరి కుట్టు ఏదో గుర్తుపట్టడం సింగిల్‌లోనే తేలిక, కొత్తవాళ్ళ పని చెడేది అక్కడే.

15 కుట్ల సింగిల్ ముక్కకు 16 గొలుసులు వేయండి. సూది మీది లూపును లెక్కపెట్టొద్దు. సూది పక్క గొలుసు వదిలి రెండోదాంట్లో మొదటి కుట్టు. వరస అయ్యాక ఒక గొలుసు వేసి పని తిప్పి, మొట్టమొదటి కుట్టులోనే గుచ్చాలి. పైనుంచి చూస్తే ప్రతి కుట్టు తల జడపాయలా కనబడుతుంది. ఆ రెండు పాయల కింద నుంచీ సూది పోవాలి. ఒక్క పాయ కింద గుచ్చితే గుడ్డ మీద అడ్డగీతలు లేస్తాయి, సాగిపోతుంది.

డబుల్‌లో అవే 15 కావాలంటే 17 గొలుసులు, సూది నుంచి నాలుగోదాంట్లో మొదటి కుట్టు. వదిలిన మూడు గొలుసులే ఒక కుట్టు లెక్క. తర్వాతి వరసల్లో మూడు గొలుసులు వేసి తిప్పి, మొదటి కుట్టు వదిలేసి రెండోదాంట్లో మొదలుపెట్టి, చివరిది కింది వరస మూడు గొలుసుల తల మీద వేయాలి. ఆ చివరిది మరిచిపోతే వరసకో కుట్టు తగ్గి ముక్క గోపురంలా సన్నబడుతుంది. వదిలేయాల్సిన మొదటి కుట్టులో కూడా వేస్తే వరసకొకటి పెరిగి వెడల్పవుతుంది. ముక్క వంకర పోయిందంటే మూలం దాదాపు ఎప్పుడూ ఈ రెండింట్లో ఒకటే. అంచు కుట్టుకు పిన్నీసు పెట్టుకుని, ప్రతి వరస చివర 15 లెక్కపెట్టుకుంటే తప్పు ఒక్క వరసలోనే దొరుకుతుంది, పది వరసలు విప్పే బాధ ఉండదు.

మొదటి వస్తువు

బొమ్మలు చూసి ఆశపడనివాళ్ళుండరు కానీ అవి గుండ్రంగా, బిగుతుగా, వరస మొదలెక్కడో తెలియకుండా తిరిగే పని. దానికంటే 15 కుట్లు, 16 వరసల నూలు ముక్క అల్లండి. చాయ్ గ్లాసు కింద పెట్టుకోవచ్చు. అలాంటివి నాలుగు అయ్యేసరికి చేయి కుదురుతుంది.

తర్వాత గుండ్రటిది. నాలుగు గొలుసులు వేసి మొదటిదానికి కలిపి రింగు చేయడం సులువు. దారం లాగి బిగించే మ్యాజిక్ రింగులో నడుమ కన్నం ఉండదు, అయితే అది పట్టుబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. కుదురుకు మొదటిది చాలు, బొమ్మకు రెండోది తప్పదు. సింగిల్‌లో గుండ్రం చదునుగా రావాలంటే వరసకు ఆరు చొప్పున పెరగాలి: 6, 12, 18, 24. డబుల్‌లో 12, 24, 36. పెంపు తక్కువైతే అంచు గిన్నెలా లేస్తుంది, ఎక్కువైతే పరికిణీ కుచ్చెళ్ళలా మడతలు పడుతుంది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకు గుండీ కళ్ళు పెట్టొద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. దారంతో కుట్టండి.

బతుకమ్మ నాటికి దర్వాజకు బంతిపూల తోరణం వేయాలనుకునేవాళ్ళకు శుభవార్త: అది కష్టమైన పని కాదు. 33 గొలుసులు వేసి, సూది నుంచి నాలుగోదాంట్లో మొదలుపెట్టి ప్రతి గొలుసులో మూడేసి డబుల్ కుట్లు వేయండి. 90 కుట్లు అయ్యేసరికి పట్టీ దానంతటదే మెలికలు తిరుగుతుంది. దాన్ని ఒక కొస నుంచి చుట్టి అడుగున కుట్టేస్తే పువ్వు. పసుపు, నారింజ యాక్రిలిక్‌తో ఒక్కో పువ్వుకు ఐదారు మీటర్ల దారం పడుతుంది. మొదటి పువ్వు అల్లాక మిగిలిన దారం తూచి, దర్వాజ వెడల్పు కొలిచి అప్పుడు మిగతా దారం కొనండి. తంగేడు పసుపు, బంతి నారింజ పక్కపక్కన గుచ్చితే ఇంటికి కళ వస్తుంది.

వీడియోనా, మనిషా, చార్టా

వేళ్ళు ఎలా కదలాలో చూడటానికి వీడియోకు సాటి లేదు. వేగం సగానికి తగ్గించి చూడండి. ఎడమచేతివాళ్ళు ఎడమచేతి పాఠాలే వెతుక్కోవాలి, లేదా బొమ్మను అద్దంలోలా తిప్పి చూపే యాప్‌లో చూడాలి. కానీ మీ బిగుతు ఎక్కడుందో వీడియో చెప్పదు. అది చెప్పడానికి మనిషే కావాలి. కుచ్చులు వేసే అక్క ఎవరైనా మీ గల్లీలో ఉంటే, నాలుగు వరసలు అల్లి తీసుకుపోయి చూపించండి. ఐదు నిమిషాల్లో తప్పు పట్టేస్తుంది.

తెలుగులో రాసిన నమూనాలు తక్కువ, అందుకే చార్టు చదవడం నేర్చుకోవాలని గట్టిగా చెబుతున్నాం. కోడిగుడ్డు ఆకారం అంటే గొలుసు, నల్లచుక్క అంటే కొసలు కలపడానికి వాడే స్లిప్ కుట్టు, ఇంటూ గుర్తు గానీ ప్లస్ గుర్తు గానీ ఉంటే సింగిల్, 'టి' అక్షరం హాఫ్ డబుల్ (సింగిల్‌కూ డబుల్‌కూ మధ్య ఎత్తుండే కుట్టు), దాని కాలి మీద ఒక గీత ఉంటే డబుల్. ఈ ఐదూ వస్తే ఏ దేశపు చార్టైనా చాలావరకు అల్లొచ్చు, అమెరికా పేరా బ్రిటన్ పేరా అన్న గొడవే ఉండదు.

కుచ్చులకు ఎప్పుడు దిగాలి

డబుల్ కుట్టు వరసలు పది, అంచులు నిటారుగా, లెక్క తప్పకుండా వచ్చిన రోజు దిగొచ్చు. ఒక్కసారే సిల్క్ దారానికి దూకొద్దు. 4 మి.మీ. నుంచి 2.5 మి.మీ. సూదితో సన్న నూలు, అక్కడి నుంచి 1.5 మి.మీ. సూదితో 10వ నంబరు లేసు దారం, ఒక్కోదానితో వారం చొప్పున. ఈ దశలో పాత దస్తీ అంచుకు వరస వేయండి. గుడ్డ మీద సెంటీమీటరుకోసారి పెన్సిల్ చుక్క పెట్టుకుంటే కుట్లు సమంగా పడతాయి.

పట్టుచీరకు వచ్చేసరికి గుడ్డలోకి క్రోషే సూదిని నేరుగా గుచ్చొద్దు. గద్వాల, నారాయణపేట చీరల కొంగు నేత దట్టంగా ఉంటుంది. కొక్కెం వెనక్కి లాగేటప్పుడు పోగు పట్టి తెగుతుంది, ఆ గీత ఇక పోదు. ముందు కొంగు అంచు మడిచి, మామూలు కుట్టుసూదితో సెంటీమీటరుకు ఒకటి చొప్పున కాజా కుట్టు వేయండి. క్రోషే మొదటి వరస ఆ కుట్ల మీది దారంలోంచే ఎత్తాలి. నచ్చకపోతే కాజా కుట్టు కత్తిరించేస్తే చాలు, కొంగుకు ఏమీ కాదు.